పుప్పొడి కలిపిన తులసి కషాయము

మన ఇండ్లలో జలుబునకు తులసి కషాయము కాచుట పాత వాడుకయే. అందు తేనెటీగల పుప్పొడి కలుపుట క్రొత్తగా వచ్చినది. తేనెటీగ పుప్పొడిని మకరందముతో తడిపి, చిన్న ఉండలుగా జేసి, వెనుక కాళ్ళకు అంటించుకొని తెచ్చును. తేనెటీగల పెట్టె వాకిట జల్లెడ అమర్చినచో ఆ ఉండలు కొన్ని రాలును. మనము కొనునవి అవియే.

రెండు గ్లాసుల నీటిలో గుప్పెడు తులసి ఆకులు, దంచిన అల్లపుముక్క, నాలుగు మిరియాలు వేసి, సగమగువరకు మరిగించి వడగట్టుదము. కషాయమునకు మరుగుటలోనే గుణమున్నది. పుప్పొడికి అదియే చేటు. అందలి కొన్ని విటమినులు వేడికి నశించును. కావున కషాయము గోరువెచ్చనైన పిదప పావు చెంచా పుప్పొడిని మెదిపి కలిపి, కొంతసేపు నాననిచ్చి త్రాగుదము.

అయినను, మంచిదని అందరికిని పోయరాదు. పుప్పొడి సోకినంతనే ఉబ్బసము వచ్చువారును, తేనెటీగ కుట్టినచో ఒళ్ళెల్ల దద్దురులెక్కువారును దీని జోలికి పోరాదు, ప్రాణముమీదికి రావచ్చును. గర్భిణులకు, పసిపిల్లలకు ఇయ్యరాదు. తక్కినవారము తొలినాడు ఒక్క గింజతోనే చూతము. పెదవి వాచినను, గొంతు దురదపెట్టినను మానివేయవలెను. ఊపిరి బిగిసినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. వట్టి తులసి కషాయముతో మనకు లోటేమియు లేదు.