5 లక్షలున్నాయి, యాప్ ఎవరితో చేయించాలి? స్టార్టప్ మొదటి ఏడాది, మొదటి టీమ్

వరంగల్ నుంచి ఈ వారం ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఇది పూర్తిగా మీ మెసేజ్‌ల వల్ల చేస్తున్న ఎపిసోడ్. మాటలు అటూఇటూ మారినా ప్రతి వారం ఒకే ప్రశ్న వస్తోంది. "అన్నా, ఐడియా ఉంది. చేతిలో 5 లక్షలున్నయ్. మంచి యాప్ కంపెనీ ఒకటి చెప్పన్నా."

ఆ 5 లక్షలు ఎక్కడివి అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. నాన్న చిట్టీ ఎత్తిండు, అమ్మ బంగారం బ్యాంకులో పెట్టినం, చెల్లె పెళ్లికి దాచినవాటిలో కొన్ని తీసినం. ఇన్వెస్టర్ డబ్బు పోతే పోయింది, ఇంకో మీటింగ్ పెట్టుకోవచ్చు. ఇది ఇంటి డబ్బు. అందుకే నేను ఏ కంపెనీ పేరూ చెప్పను. బదులుగా, ఆ డబ్బు ఎవరి చేతిలోనైనా పెట్టే ముందు ఏం చూసుకోవాలో మాట్లాడుకుందాం.

అవుట్‌సోర్సింగ్ అనే మాట మనకు కొత్తదేం కాదు. మన తెలుగువాళ్ల ఇళ్లలో ఎన్నో కుండలు దాని మీదే ఉడికాయి. ఇక్కడ కాజీపేట దాటి హైదరాబాద్ రోడ్డు మీద వెళ్తే మడికొండ వస్తుంది. అక్కడ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా క్యాంపస్‌లు మొదలయ్యాయి. ఈ సైయెంట్ పాత పేరు ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, 1991లో హైదరాబాద్‌లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి గారు పెట్టింది. మొదట్లో వాళ్లు చేసిన పని ఏంటో తెలుసా? కాగితం మీది మ్యాప్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఆ పని ఒకసారి ఆలోచించండి. లోపలికి ఏం వస్తుందో తెలుసు, బయటికి ఏం రావాలో తెలుసు, తప్పొస్తే పక్కన పెట్టి పోల్చి చూపించొచ్చు. బయట చేయించడానికి ఇంతకంటే అనువైన పని ఉండదు.

నేను సర్వీస్ కంపెనీలో పనిచేసి వచ్చినవాణ్ణే. అక్కడ క్లయింట్ వైపు వాళ్ల సొంత ఆర్కిటెక్ట్ ఉంటాడు, మేనేజర్ ఉంటాడు, వందల పేజీల డాక్యుమెంట్ ఉంటుంది. ఏం కావాలో వాళ్లకు తెలుసు, చేయడానికి చేతులు కావాలి, అంతే. మరి స్టార్టప్ మొదటి ఏడాదిలో? ఏం కావాలో మీకే తెలియదు. కస్టమర్ దగ్గరికి వెళ్తే గానీ తెలియదు. తెలియని పనికి రేటు కట్టమని బయటివాణ్ణి అడుగుతున్నారు. వాడు కడతాడు కూడా. గొడవంతా అక్కడే పుడుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. నా జూనియర్ ఒకతను, వాళ్ల నాన్నది ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారం. మిర్చి రైతుకు ఆ రోజు ధర, తన లాట్ ఎప్పుడు కాంటా అవుతుంది, డబ్బు ఎప్పుడొస్తుంది అనేవి ఫోన్లో కనపడాలి అని ఒక యాప్ అనుకున్నాడు. ఐడియా బాగుంది, నాకు ఇప్పటికీ నచ్చుతుంది. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి 6 లక్షలకు ఇచ్చాడు. ఏ ఏజెన్సీ అన్నది మనకు అనవసరం. నాలుగు నెలల్లో యాప్ వచ్చింది, చూడ్డానికి మస్తుగా ఉంది. హోమ్ స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో "నేటి మిర్చి ధర".

మార్కెట్ గురించి తెలిసినవాళ్లకు ఈపాటికే నవ్వొచ్చి ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెప్తాను. పొద్దున యార్డులో జెండా పాట అని జరుగుతుంది. మంచి సరుకున్న ఒక లాట్ దగ్గర వ్యాపారులు చేరి పాట పాడతారు, అక్కడ పలికిన ధర ఆ రోజుకు పై ధర. పేపర్లో వచ్చేది ఎక్కువగా అదే. మిగతా లాట్లు రంగును బట్టి, తేమను బట్టి దానికంటే కిందనే తెగుతాయి. తేజ రకానికి ఒక ధర, వండర్ హాట్‌కు ఒక ధర, తాలు కాయకు ఇంకో ధర. జెండా పాట 14 వేలు పలికిందనుకోండి, పక్క లాట్ రైతుకు 11 వేలే రావచ్చు. యాప్ మాత్రం అందరికీ జెండా పాట ధర చూపించింది. రైతులు ఫోన్ పట్టుకొని నేరుగా వాళ్ల నాన్న దుకాణం ముందుకే వచ్చారు. "నీ కొడుకు యాప్‌లనే 14 వేలు ఉన్నది, నా తక్‌పట్టీల 11 వేలు ఎట్ల రాసినవ్ సేటూ?" ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయన్ను అట్లా నిలదీసినవాళ్లు లేరు.

ఏజెన్సీలో కోడ్ రాసిన పిల్లలను తప్పు పట్టగలమా? డాక్యుమెంట్‌లో "ధర" అని ఉంది, వాళ్లు ధర చూపించారు. వాళ్లలో ఒక్కరు కూడా యార్డులో అడుగు పెట్టలేదు. పెట్టాలని ఎవరూ అడగలేదు. మార్చమంటే చేంజ్ రిక్వెస్ట్ అన్నారు, 90 వేలు అన్నారు. మీకు అన్యాయంగా వినిపిస్తుంది కానీ, ఏజెన్సీ వైపు లెక్క కూడా చూడండి. 6 లక్షలు ఫిక్స్‌డ్ ప్రైస్. ఇద్దరు ఫ్రెషర్లు, అప్పుడప్పుడు చూసే ఒక సీనియర్, ఆఫీసు అద్దె, అన్నీ అందులోనే. ప్రతి మార్పుకూ వాళ్ల లాభం కరుగుతుంది. కాబట్టి మీరు ఎంత తక్కువ మారిస్తే వాళ్లకు అంత మంచిది. మీకేమో కస్టమర్ చెప్పినప్పుడల్లా మార్చడమే పని. ఇద్దరూ మంచివాళ్లే అయినా ఆ కాగితం ఇద్దర్నీ కొట్లాటలోకి దింపుతుంది. ఇంకో సంగతి, మొదటి మీటింగ్‌లో గడగడా మాట్లాడిన సీనియర్ డెవలపర్ ఉంటాడు చూడండి, అడ్వాన్స్ పడ్డాక ఆయన మళ్లీ కనపడితే మీ అదృష్టం.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. రెడ్‌బస్ కథ మీలో చాలామందికి తెలుసు. ఫణీంద్ర సామ మన తెలంగాణవాడే, 2018లో రాష్ట్రానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్‌గా కూడా వచ్చారు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్ టికెట్ దొరకలేదు, అక్కడి నుంచి పుట్టిన కంపెనీ అది. కానీ ఎక్కువమంది వదిలేసే ముక్క ఒకటుంది. ఆయన, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు, ముగ్గురూ బిట్స్ పిలానీ స్నేహితులు. ప్రోగ్రామింగ్ వాళ్ల వృత్తి కాదు, పుస్తకాలు తెచ్చుకొని నేర్చుకొని రాశారు. మొదట తయారు చేసింది బస్ ఆపరేటర్లు వాడుకునే సాఫ్ట్‌వేర్. ఆపరేటర్లు మాకొద్దన్నారు. అప్పుడు దారి మార్చి, 2006లో తామే టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. 2013లో ఇబిబో గ్రూప్ కొనేసింది. ఆ మొదటి సాఫ్ట్‌వేర్‌ను వాళ్లు ఫిక్స్‌డ్ ప్రైస్‌కు బయట చేయించి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. సాఫ్ట్‌వేర్ టైమ్‌కు డెలివరీ అయ్యేది, డబ్బులు అయిపోయేవి, ఆపరేటర్లు వద్దనేవాళ్లు. కథ అక్కడితో ఆగిపోయేది.

అంటే అందరూ కోడింగ్ నేర్చుకోవాలా అన్నా అంటే, అట్లా అనట్లేదు. దూరంగా ఉన్న టీమ్‌తో కంపెనీ కట్టినవాళ్లూ ఉన్నారు. స్కైప్ చూడండి. 2003లో పెట్టిన నిక్లస్ జెన్‌స్ట్రోమ్ స్వీడన్‌వాడు, యానుస్ ఫ్రీస్ డెన్మార్క్‌వాడు. సాఫ్ట్‌వేర్ రాసింది ఎస్టోనియాలో. కానీ ఆ ఎస్టోనియా ఇంజినీర్లు అంతకుముందు కజా యాప్‌లో వీళ్లతో కలిసి పనిచేసినవాళ్లు, స్కైప్‌లో వాళ్లకూ వాటా ఉంది. 2005లో ఈబే కొన్నప్పుడు వాళ్లూ బాగుపడ్డారు. దూరం వల్ల పని చెడదు. ప్రొడక్ట్ బతికినా చచ్చినా నాకేం తేడా లేదు అనుకునేవాడి చేతిలో మెదడు పని పెడితే చెడుతుంది.

సరే, బయట ఇవ్వాల్సి వచ్చిందే అనుకుందాం. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నా జూనియర్‌కు అసలు దెబ్బ ధర దగ్గర తగల్లేదు, ఇక్కడ తగిలింది. యాప్‌ను ఏజెన్సీ తన ప్లే స్టోర్ అకౌంట్‌లో పెట్టింది. గొడవయ్యాక అకౌంట్ నుంచి బదిలీ చేయమంటే బాకీ కట్టమన్నారు. ఆ అకౌంట్ వాళ్లదైనప్పుడు అదే ప్యాకేజీ పేరుతో మీరు అప్‌డేట్ వేయలేరు. కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టాలి, పాత యూజర్లను ఒక్కొక్కరినీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమని బతిమాలాలి. 800 మంది రైతులకు ఫోన్ చేసి చెప్పడం ఎంత కష్టమో వాణ్ణడగండి. ప్లే స్టోర్ డెవలపర్ అకౌంట్‌కు అయ్యేది ఒకేసారి 25 డాలర్లు. యాపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు. 6 లక్షల ప్రాజెక్టులో అదెంత? డొమైన్, సర్వర్ అకౌంట్, గిట్‌హబ్, అన్నీ మొదటి రోజే మీ పేరు మీద, మీ ఫోన్ నంబర్‌తో తెరవండి. ఏజెన్సీని అందులోకి పిలవండి. పనయ్యాక బయటికి పంపండి.

డబ్బు కట్టాను కాబట్టి కోడ్ నాదే అనుకుంటారు చాలామంది. చట్టం అట్లా లేదు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కింద లెక్క. అవును, బమ్మెర పోతన గారి వరుసలోనే మన జావాస్క్రిప్ట్ కూడా! సెక్షన్ 17 ఏం చెప్తుందంటే, మీ దగ్గర ఉద్యోగిగా ఉన్నవాడు ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, మీదే. బయటి ఫ్రీలాన్సర్ రాసింది మాత్రం మొదట అతనిదే, ఏజెన్సీ ఉద్యోగులు రాసింది ఏజెన్సీదే. పెళ్లి ఫొటోలు డబ్బిచ్చి తీయించుకుంటే మీవి అవుతాయి, ఆ సెక్షన్‌లో ఫొటోలకు, పెయింటింగ్‌లకు, సినిమాకు ఆ వెసులుబాటు ఉంది. కోడ్‌కు లేదు. రాతపూర్వకంగా సంతకం పెట్టి మీకు బదిలీ చేయాలి. అది సెక్షన్ 19. ఇందులో ఒక మెలిక ఉంది. బదిలీ కాగితంలో ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని అర్థం. ఎక్కడెక్కడ వర్తిస్తుందో రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోపు ఆ హక్కు వాడుకోకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, బదిలీ చెల్లకుండా పోతుంది. కాబట్టి "శాశ్వతంగా, ప్రపంచమంతటా, వాడకపోయినా రద్దు కాకుండా" అనే మూడు ముక్కలు కాగితంలో ఉన్నాయా లేదా చూడండి. హన్మకొండ కోర్టు దగ్గర ఏ లాయర్‌నైనా కూర్చోబెట్టి రాయించుకోండి. రేపు ఇన్వెస్టర్ వస్తే మొదట అడిగే కాగితాల్లో ఇదొకటి.

డబ్బు విడతలుగా కట్టేటప్పుడు స్క్రీన్‌షాట్ చూసి కట్టొద్దు. నేను చెప్పే పద్ధతి చాలా మోటుది, కానీ పనిచేస్తుంది. ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని ఒక డెవలపర్ ఫ్రెండ్‌ను పిలవండి. అతని ల్యాప్‌టాప్‌లో, మీ గిట్‌హబ్‌లో ఉన్న కోడ్‌తో, అక్కడ రాసి పెట్టిన సూచనలు మాత్రమే చూసి యాప్ నడిపించమనండి. బిర్యానీ తినిపిస్తే చేస్తాడు. సాయంత్రానికి నడిస్తే విడత కట్టండి. నడవకపోతే ఆ కోడ్ ఇంకా మీ చేతికి రాలేదన్నట్టే.

ఇక సొంత టీమ్ సంగతి. వరంగల్‌లో మనుషులు దొరకరు అంటారు. ఎన్ఐటీ ఉంది, కిట్స్ ఉంది, ఎస్ఆర్ యూనివర్సిటీ ఉంది, ఏటా వేలమంది బయటికొస్తారు. కానీ మొదటి డెవలపర్‌గా ఫ్రెషర్‌ను తీసుకోవద్దని నా అభిప్రాయం. నేర్పే సీనియర్ లేని చోట ఫ్రెషర్ ఒంటరిగా మునుగుతాడు. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ రైళ్లు వచ్చే టైమ్‌కు కాజీపేట స్టేషన్‌లో నిలబడి చూడండి, బ్యాగు భుజాన వేసుకొని దిగేవాళ్లు కనపడతారు. నాలుగైదేళ్ల అనుభవం, ఇక్కడ అమ్మానాన్న, అక్కడ హాస్టల్ గది. మీ మొదటి మనిషి వాళ్లలో ఉన్నాడు. అతనికి హైదరాబాద్ జీతం మీరివ్వలేరు, తెలుసు. తక్కువ జీతం, దాంతో పాటు కంపెనీలో వాటా ఇవ్వండి. వాటా కూడా ఒకేసారి చేతిలో పెట్టకండి. నాలుగేళ్ల మీద పంచండి. ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాదు, నిండితే నాలుగో వంతు, తర్వాత నెలనెలా కొంచెం. కో-ఫౌండర్లు కూడా తమకు తాము ఇదే పెట్టుకోవాలి. ఈ మాట చెప్తే స్నేహితుల మధ్య కాగితాలేందన్నా అంటారు. స్నేహితులు కాబట్టే.

ఇంటర్వ్యూలో ప్రశ్నలు అడిగే బదులు, రెండు వారాల చిన్న పని డబ్బిచ్చి చేయించండి. మిర్చి యాప్ అయితే మొదటి రెండు రోజులు యార్డుకు తీసుకెళ్లండి, దడ్వాయి పక్కన, హమాలీల పక్కన నిలబడనివ్వండి. తిరిగొచ్చాక అతను ఎన్ని ప్రశ్నలు అడుగుతాడో చూడండి. ఒక్కటీ అడగకపోతే, ఎంత మంచి కోడరైనా మీకు పనికిరాడు. ఆ, ఇంకోటి. కొన్ని చిన్న ఆఫీసుల్లో పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని బీరువాలో పెట్టుకునే అలవాటుంది. దయచేసి ఆ పని చేయకండి. అట్లా ఆగినవాడు పనిచేయడు, కూర్చుంటాడు.

ఈ మనిషి దొరికాక బయట ఇవ్వదగ్గ పనులు చాలానే మిగులుతాయి. లోగో, డిజైన్, టెస్టింగ్, పాత రిజిస్టర్లు ఎక్కించడం, ఎస్ఎంఎస్‌ల కోసం డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ లాంటి తలనొప్పులు. అప్పుడు ఏజెన్సీకి పని చెప్పేది, వచ్చింది సరిగా ఉందో లేదో చూసేది మీ మనిషే.

నా జూనియర్ ఇప్పుడేం చేస్తున్నాడని అడుగుతారు కదా. ఈ సీజన్ యాప్ లేదు. ఒక వాట్సాప్ గ్రూప్, ఒక గూగుల్ షీట్. జెండా పాట ధర ఒక గడిలో, తమ దుకాణంలో నిజంగా తెగిన లాట్ల ధరలు రకాన్ని బట్టి పక్క గడుల్లో. పొద్దున వాడే యార్డులో నిలబడి టైప్ చేస్తాడు. 300 మంది రైతులున్నారు. ధర చూశాక వాళ్లు ఎక్కువగా అడుగుతున్నది "పైసలు ఎప్పుడు పడతయ్" అని. అందుకని తయారు చేయాల్సింది ధరల యాప్ కాదేమో, పేమెంట్ యాప్ ఏమో అని ఇప్పుడు ఆలోచిస్తున్నాడు. ఆ షీట్‌కు వాడికైన ఖర్చు సున్నా.

మీ దగ్గర ఏజెన్సీ ఇచ్చిన అగ్రిమెంట్ ఉంటే, పేర్లు, అంకెలు కొట్టేసి నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో రెండు మూడు తీసుకొని లైన్ లైన్ చదువుదాం. ఉంటాను మరి.