ఊరు మారితే వైద్యం మారవలసిందేనా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. నాకు ఇచ్చిన పావుగంటలో వైద్యం గురించి మాత్రమే మనవి చేస్తాను.

సర్వీసులో చాలాకాలం నేను బిల్లుల సెక్షనులో గుమాస్తాని. 1972 నాటి మెడికల్ అటెండెన్స్ రూల్సు పుస్తకం అట్ట ఊడిపోయి నా బల్ల మీదే ఉండేది. రీయింబర్స్‌మెంటు బిల్లు వస్తే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ ఉన్నదా, డిశ్చార్జి సమ్మరీ జతపరిచారా అని చూడడం నా పని. ఆ రిజిస్టరు ఏళ్ల తరబడి రాయగా రాయగా ఒక సంగతి కంటబడింది. జిల్లా కేంద్రంలో ఉన్నవారి బిల్లులు దండిగా వచ్చేవి. కొండ దగ్గర మండలాలలో పనిచేసే టీచర్లు, అటెండర్ల నుంచి ఏడాదికి ఒకటో రెండో. వాళ్లకు జబ్బులు రాకనా? ఆసుపత్రి దాకా వెళ్లగలిగినవాడికే బిల్లు. వెళ్లలేనివాడు మన రిజిస్టరులో ఆరోగ్యవంతుడు! బస్సు ఛార్జీ, తోడు వచ్చినవారి భోజనం, వాళ్లు పోగొట్టుకున్న కూలి ఏ పద్దులోనూ రావు.

మన హెల్త్ స్కీము 2013లో వచ్చింది. పింఛనులో పడే కోత ఊరిని బట్టి మారదు. కాని ఆ కార్డు చూపించవలసిన పెద్ద ఆసుపత్రి విశాఖపట్నంలో ఉన్నవారికి ఆటో దూరం, ఇచ్ఛాపురం వారికి అరపూట రైలు ప్రయాణం. అంతెందుకు, ఆరోగ్యశ్రీని 2007లో మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళం ఒకటి. డబ్బు కట్టే ఏర్పాటు ముందుగా మనకే వచ్చింది. ఆసుపత్రులు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

ఉద్దానం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడిమామిడి తోటలతో కంటికి ఎంత పచ్చగా ఉంటుందో! కిడ్నీ జబ్బు మామూలుగా షుగరు, బి.పి. ముదిరినవారికి వస్తుంది. అక్కడ ఆ రెండూ లేని రైతుకూలీలకు కూడా వస్తున్నది. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయే చాకిరీ అన్నారు, నొప్పి బిళ్లలన్నారు. ఇదీ కారణమని ఒక్కటి తేలలేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా దేశాల చెరకు తోటలలోనూ ఇటువంటి జబ్బే ఉన్నదట.

మా అక్కగారిది కవిటి దగ్గర ఊరు. బావగారికి డయాలసిస్ మొదలైన రోజులలో దానికి విశాఖపట్నమే దిక్కు. వారానికి రెండుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు మంచం మీద. తెల్లవారుజామున సోంపేటలో రైలెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. మరునాడంతా ఆయన లేవలేకపోయేవారు. ఆ పై రోజు మళ్లీ ప్రయాణపు ఏర్పాట్లు. వైద్యానికి డబ్బు పడలేదు, పథకం ఉన్నది. ప్రయాణాలకే తోటలో కొంత అమ్మారు. రెండో ఏడు వానాకాలంలో రెండు విడతలు వెళ్లలేకపోయారు. మూడో విడతకు ఆయన లేరు. కాగితాల మీద ఆయన ఉచిత వైద్యం పొందిన రోగి. మా అక్క మాత్రం ఈనాటికీ, “మీ బావని జబ్బు కాదురా, ఆ దూరం చంపింది” అంటుంది.

తరువాత సోంపేట, పలాస, టెక్కలిలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీరు తెచ్చే 700 కోట్ల పథకం కూడా ఆ రోజే. మంచి పనులే, ఎవరు చేసినా. అయితే భవనానికి రంగు వేసినంత సులువుగా నెఫ్రాలజీ డాక్టరు దొరకడు. మెషీను చెడితే బాగుచేసే మెకానిక్కు రావాలి, ల్యాబులో రీజెంటు ఉండాలి, రాత్రి కరెంటు పోతే జనరేటరు పనిచేయాలి. 2018లో తిత్లీ తుపాను నాడు ఈ చివరి మాట విలువ ఉద్దానం వారికి బాగా తెలిసింది.

దేశం మొత్తం మీద చూసినా ఇదే కథ. 2020 లెక్కలలో వెయ్యిమంది శిశువులకు మరణాలు కేరళలో 6, మధ్యప్రదేశ్‌లో 43, మన రాష్ట్రంలో 24. కేరళలో పెద్ద ఆసుపత్రులు ఉండబట్టి మాత్రమే కాదు. అక్కడ ఆడవారి చదువు ఉన్నది, ఇంటికి దగ్గరలో పనిచేసే ఆరోగ్య కేంద్రం ఉన్నది.

మనబోటి వయసు వారికి కావలసినదీ అదే. బైపాసు జీవితంలో ఒకసారి. బి.పి., షుగరు, క్రియాటినిన్ ఏటేటా. కిడ్నీ సగం దెబ్బతినే వరకు క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. అందుచేత మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ బిళ్లలు రోజూ మింగే అలవాటు మన సభ్యులలో చాలామందికి ఉన్నది. కిడ్నీకి అది చేటు. పాత చీటీలు పారేయకండి. సర్వీసు రిజిస్టరు ఎంత భద్రంగా దాచామో వాటినీ అలాగే దాచాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల నాణ్యతకు 2013 నుంచి జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. రోగి అభిప్రాయం తీసుకోవడం, రికార్డులు సరిగా ఉంచడం, మందుల నిల్వ, శుభ్రత, అన్నీ మార్కులు వేసి చూస్తారు. ఆసుపత్రి అభివృద్ధి సంఘాలూ ఉన్నాయి. వాటి సమావేశాలలో ఏం జరుగుతున్నదో మనలో ఎవరైనా అడిగామా? రీయింబర్స్‌మెంటు సీలింగు పెంచమని ఏటా తీర్మానం చేస్తున్నాం, చేయవలసిందే. దానితోబాటు మన ఏరియా ఆసుపత్రిలో ఖాళీలు నింపమని కూడా చేద్దాం. అది మన కోడళ్లకు, మనవలకు, మన పాలేర్లకు కూడా పనికివస్తుంది.

అర్జీలు రాయడం మనకు చేతనైన విద్య. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ముప్పై రోజులలో జవాబు రావాలి. మంజూరైన డాక్టరు పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు. గత ఏడాది డయాలసిస్ మెషీన్లు, ల్యాబు యంత్రాలు ఎన్ని రోజులు పనిచేయలేదు. ఏ మందులు ఎన్నాళ్లు నిల్వ లేవు. ఈ మూడు ప్రశ్నలతో నమూనా అర్జీ తయారుచేసి జెరాక్సులు తెచ్చాను. భోజన విరామంలో ప్రతి శాఖ కార్యదర్శి గారూ ఒక ప్రతి తీసుకోవలసిందిగా కోరుతున్నాను. జవాబులు వచ్చాక వచ్చే కార్యవర్గ సమావేశానికి తెస్తే, మండలాల వారీగా పట్టిక నేను వేసిపెడతాను. సెలవు.