చదువులో అలసట



నేటి ప్రసంగములో చదువుకొను పిల్లల అలసటను గూర్చి కొంత మనవి చేయదలచినాము. ఇది వైద్యులు చెప్పవలసిన విషయము కదా, వేదము చెప్పుకొనువారికేమి పని అని కొందరనుకొనవచ్చును. ఉపనిషత్తే దీనిని గూర్చి మాట్లాడినది.

ఛాందోగ్యము ఆరవ అధ్యాయములోని శ్వేతకేతువు, తత్త్వమసి మహావాక్యము మూలముగా మీకు తెలిసినవాడే. 12వ యేట గురుకులమునకు వెళ్ళి, 24వ యేటికి వేదములన్నియు చదివి తిరిగివచ్చినాడు. తండ్రి ఉద్దాలకుడు అతనిని 15 దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగుచుండుమనెను. 16వ నాడు ఋక్కులను, యజుస్సులను, సామములను చెప్పుమనగా, ఒక్కటియు స్ఫురించుట లేదని కుమారుడు చెప్పెను. పెద్ద మంట ఆరి మిణుగురుపురుగంత నిప్పుకణిక మిగిలినచో దానితో ఏమి కాల్చగలమని తండ్రి పోలిక చెప్పి, భోజనము చేసి రమ్మనెను. తిని వచ్చిన పిదప అతడు అడిగినదెల్ల చెప్పగలిగెను.

ఇచ్చట తండ్రి నడచిన తీరు గమనింపదగినది. చదువుకొని వచ్చిన కొడుకు గర్వమును చూచి మందలించిన తండ్రే, వేదము స్ఫురించని కొడుకును ఒక్కమాట అనలేదు. 12 ఏండ్ల చదువు ఎచ్చటికిని పోలేదని ఆయనకు తెలియును. పోయినది దానిని పైకి తెచ్చు బలము మాత్రమే. అది అన్నముతో తిరిగివచ్చినది.

మా తైత్తిరీయ శాఖలో 82 పన్నములు. పుస్తకము చూడక, స్వరము తప్పక ఇంత ధారణ చేయవలసిన విద్యార్థిని పూర్వులు తరుముకొనిపోలేదు. సంహితను సుమారు 50 పదములకొక పనసగా విభజించి యిచ్చినారు. అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య, పాడ్యమి అనధ్యయన దినములు. ఆ దినములలో బట్టలు ఉతుకుకొనుట, ఏటిలో ఈత, మధ్యాహ్నము కంటినిండ నిద్ర. మా బాల్యములో అవియే పండుగలు. సుందరకాండలో హనుమంతుడు కృశించిన సీతమ్మను పాడ్యమి నాడు చదువువాని విద్యతో పోల్చినాడు. మానక చదివినచో విద్య పెరుగునని మనమనుకొందుము, ఆదికవి చిక్కిపోవునన్నాడు.

ఈ మర్యాద తప్పిన చోటులు లేకపోలేదు. మాతో చదివిన ఒక బాలుడు మంచి ధారణ గలవాడు. విషజ్వరము తగ్గిన వారమునకే అతనిని ఆవృత్తిలో కూర్చుండబెట్టిరి. స్వరములు తడబడినవి. అందరి యెదుట మందబుద్ధి అనిపించుకొని, ఆ రాత్రియే మూట కట్టుకొని ఇంటికి పోయినాడు. మరల వేదము ముట్టలేదు. అతనికి కావలసినది నెలదినముల పథ్యము, నిద్ర.

ఇప్పుడు పరీక్షల దినములలో తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, రాత్రి 12 గంటల వరకు చదివి తెల్లవారుజామున 4 గంటలకే లేచుచున్నాడు, అయినను జ్ఞాపకముండుట లేదు, మంత్రమేదైన చెప్పండని అడుగుచున్నారు. బ్రాహ్మీముహూర్తమున లేవవలెనన్న మాట ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికే పడుకొనువారికి చెప్పినది. నాలుగు గంటల నిద్రతో లేచినవానికి ఏ ముహూర్తమైనను ఒక్కటే. సరస్వతీ ద్వాదశనామములు చెప్పించండి, చాలును. చెప్పించి పదింటికి దీపమార్పండి. నిలువబడి చదువుట, కాళ్ళు ముఖము కడుగుకొనుట, తోడివానికి అప్పజెప్పుట మా కాలమునాటి ఉపాయములు. ఇవి పగటి కునుకునకే గాని రాత్రి నిద్రను హరించుటకు కాదు.

పతంజలి మహర్షి తొమ్మిది అంతరాయములను చెప్పుచు వ్యాధిని, స్త్యానమును, ఆలస్యమును వేరువేరుగా లెక్కించినాడు. స్త్యానమనగా చిత్తము పనికి లొంగకపోవుట. ఆలస్యమనగా శరీరము, మనస్సు బరువెక్కి కదలకపోవుట. మన ఇండ్లలో ఈ మూటికిని సోమరితనమని ఒకటే పేరు. తగినంత తిని, పడుకొని లేచినను పిల్లవాని అలసట వారముల తరబడి తీరకున్నచో, లేక చదువు వద్దు, బ్రతుకు వద్దు అను మాట నోట వచ్చినచో, కేకలు వేయక ప్రక్కన కూర్చుండి వినండి. ఆ దినముననే వైద్యునికి చూపించండి. అర్చన తరువాతి శుక్రవారము చేయించుకొనవచ్చును.