కొలిమి ముందు పాఠం

ఐటీఐ వర్క్‌షాపులలో కమ్మరపు పనిని, అంటే లోహాన్ని కాల్చి సుత్తి దెబ్బలతో రూపమిచ్చే విద్యను, బోధించేటప్పుడు విద్యార్థికి మొట్టమొదట అలవడవలసినది రంగును గుర్తించే చూపు. తక్కువ కర్బనం గల ఉక్కు దాదాపు 1100 డిగ్రీల సెల్సియస్ వద్ద నారింజ, పసుపు రంగుల నడుమ వెలుగుతూ దాగలిపై, అనగా దెబ్బకు ఆధారమైన ఇనుప దిమ్మెపై, సులువుగా లొంగుతుంది గాని, ఎరుపు తగ్గాక కొడితే పగుళ్లు పుట్టవచ్చు. ఎండలో ఈ రంగులు వెలిసినట్లు కనిపించి లోహం అతిగా కాలే ప్రమాదమున్నందున కొలిమి నీడపట్టున ఉండాలి.

కడ్డీని సాగదీయడం, కొనను కొట్టి లావు చేయడం అనే ప్రక్రియలను ముందుగా బంకమట్టిపై చూపడం ఎంతో మేలైన పద్ధతి. వేడి లోహం కూడా మట్టి వలెనే ఒక దిశలో నొక్కితే మరో దిశకు జరుగుతుంది, పైగా చల్లారుతుందన్న తొందర లేనందున ఆ కదలికను విద్యార్థులు నిదానంగా పరిశీలించగలరు. నల్లబడిన ఇనుము చల్లారినట్లు తోచినా చేతిని తీవ్రంగా కాల్చగలదు కనుక, ప్రతి ముక్కనూ పట్టుకారుతోనే తీయాలి.