ద్వీపం లెక్క, మన ఊరి లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంత్రం ఇక్కడ కుర్చీలు సర్దుతుంటే పదో తరగతి పిల్లవాడొకడు నన్నడిగాడు. "సార్, మీరు సింగపూర్‌ల పనిచేసిండ్రంట గదా. అక్కడ క్యాసినోలు పెట్టి మస్తు బాగుపడ్డరంట. మన సోమశిల దగ్గర కృష్ణ నడుమ గన్ని దీవులున్నయి. ఆడ ఒకటి పెడితే పాలమూరు బాగుపడదా?"

నవ్వి ఊరుకోవచ్చు. కానీ మాకు సోషల్ చెప్పిన సారు ముందు వరుసలో కూర్చున్నారు. ప్రశ్నను నవ్వులో కొట్టేయడం ఆయనకు ఎప్పుడూ నచ్చేది కాదు. అందుకే నాకిచ్చిన ఈ కొద్ది సమయం ఆ ప్రశ్నకే ఇస్తున్నాను.

ముందు మనకు తెలిసిన పేకాట నుంచే మొదలుపెడదాం. ఊళ్లో నలుగురు చెట్టు కింద కూర్చుని ఆడితే ఒకరి జేబులోది ఇంకొకరి జేబులోకి పోతుంది. ఊరి సంపద పైసా కూడా పెరగదు. ఆడించేవాడు పొరుగూరివాడైతే, వాడు తీసుకునే వాటా మేరకు ఊరి డబ్బు తగ్గుతుంది. ఆడేవాళ్లు బయటివాళ్లై, ఆడించేవాడి లాభం ఊళ్లోనే నిలిస్తేనే ఊరికి ఆదాయం. దేశానికైనా ఇదే లెక్క. కాబట్టి మూడు సంగతులు అడగాలి: ఆడేదెవరు? లాభం ఎక్కడికి పోతుంది? అదే నేల, డబ్బు, మనుషులతో ఇంకేం చేయగలం?

సింగపూర్ ఈ మూడూ అడిగింది. 2005 ఏప్రిల్‌లో ప్రధాని లీ సియన్ లూంగ్ నిర్ణయం ప్రకటించేముందు ఆ దేశంలో ఏడాదికి పైగా వాదోపవాదాలు జరిగాయి. 2010లో రెండు రిసార్టులు తెరిచారు. 2009లో దాదాపు 97 లక్షలున్న సందర్శకులు 2010లో 116 లక్షలయ్యారు. 2009 ప్రపంచమంతా మాంద్యంలో ఉన్న ఏడాది కాబట్టి ఆ పెరుగుదలంతా క్యాసినోల పుణ్యమే అనలేం. అయినా లాభం కనిపించింది. ఎందుకంటే ఒక్కో రిసార్టులో జూదానికిచ్చిన జాగా 15,000 చదరపు మీటర్లు మించకూడదన్నారు. మిగతాదంతా హోటళ్లు, సమావేశ మందిరాలు, వినోద పార్కులు. సొంత పౌరుడు లోపలికి పోవాలంటే రోజుకు 100 డాలర్లు కట్టాలి. 2019 నుంచి అది 150 అయింది. ఇంట్లోవాళ్లు అర్జీ పెట్టుకుంటే ఆ మనిషిని లోపలికి రానివ్వకుండా ఆపే ఏర్పాటు కూడా ఉంది. పెద్ద విమానాశ్రయం, గట్టి పోలీసు, పక్కనే డబ్బున్న పొరుగు దేశాలు సరేసరి.

ఇప్పుడు ఫిజీ చూడండి. 1903 నుంచి మద్రాసు ఓడల్లో మన తెలుగువాళ్లు కూడా చెరకు తోటల కూలీలుగా పోయిన ద్వీపాలవి. 1941లో వాళ్లు అక్కడ ఆంధ్ర సంఘం కూడా పెట్టుకున్నారు. దేశ జనాభా తొమ్మిది లక్షలకు అటూఇటూ. 2011లో ఆ ప్రభుత్వం ఒక అమెరికన్ సంస్థకు క్యాసినో లైసెన్సు ఇచ్చింది. భవనం లేవలేదు. కొన్నేళ్లకే లైసెన్సు రద్దయింది. లేచి ఉంటే ఏమయ్యేది? ఫిజీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు. వాళ్ల ఊళ్లలోనే పెద్ద క్యాసినోలున్నాయి. ఇంటి దగ్గరున్న ఆట కోసం విమానమెక్కి ఎవరొస్తారు? వాళ్లు వచ్చేది సముద్రం కోసం, అది ఫిజీకి ఎప్పుడూ ఉన్నదే. ఇక ఆడటానికి మిగిలేది స్థానికులే.

సైపాన్ ఇంకో పాఠం. అది దేశం కాదు, అమెరికా పాలనలోని చిన్న ద్వీపం. జనం యాభై వేలు కూడా లేరు. 2014లో ఒక్క సంస్థకే లైసెన్సిచ్చి ఏటా కోటిన్నర డాలర్ల రుసుము మీద ఆశ పెట్టుకున్నారు. పని చేసిన చైనా కూలీలకు జీతాలు సరిగా అందక గొడవలయ్యాయి. వలస కూలీల జిల్లాలో పుట్టిన మనకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. 2020 మార్చిలో కరోనాతో మూతపడ్డ ఆ క్యాసినో మళ్లీ తెరుచుకోలేదు. హోటలు పూర్తి కాలేదు. 2024లో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఒక్క దూలం మీద ఇల్లంతా నిలబెడితే అంతే.

సింగపూర్ లెక్క కుదిరిందన్నాను. ఆ లెక్కలో ఒక వరుస మిగిలిపోయింది. అది నేను ఈ ఊళ్లో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అక్కడ మా గదిలో నలుగురం. అందులో ఒకడు మన పక్క మండలం తమ్ముడు. ఏజెంటుకు కట్టడానికి అప్పు చేసి వచ్చినవాడు. ప్రవేశ రుసుము పౌరులకూ, శాశ్వత నివాసులకే. మాలాంటి విదేశీయులకు పాస్‌పోర్టు చూపిస్తే చాలు, ఉచితం. ఒక ఆదివారం "అన్నా, ఊరికే చూసొద్దాం రా" అంటే పోయాను. ఆ రోజు నేను 120 డాలర్లు గెలిచాను. గదికొచ్చి అందరికీ బిర్యానీ పెట్టించాను. ఆ తర్వాత నేను మళ్లీ పోలేదు. వాడు మాత్రం ప్రతి ఆదివారం పోయాడు. పదకొండు నెలల కూడబెట్టుబడి పోయింది. అప్పు తీర్చడానికి ఇక్కడ వాళ్ల నాయన రెండెకరాల చెల్క అమ్మాడు. కొడుకుకు జీతం రాలేదనే ఆయన ఇప్పటికీ అనుకుంటున్నాడు. వాడికి దారి చూపింది నా గెలుపే అని ఆయనకు తెలియదు.

సింగపూర్ పుస్తకంలో అది పర్యాటక ఆదాయం. మన పుస్తకంలో రెండెకరాలు.

కాబట్టి బాబూ, నా జవాబు ఇది. ఆడేవాళ్లు బయటివాళ్లై, వచ్చేవాళ్లకు వేరే ఆకర్షణలు ముందే ఉండి, లాభం దేశంలో నిలిచి, ప్రభుత్వానికి గట్టి పట్టు ఉంటేనే క్యాసినో ఒక ద్వీపానికి గిట్టుబాటు. ఈ నాలుగూ కుదిరే చిన్న దేశాలు అరుదు. సోమశిల సంగతి అంటావా, మన రాష్ట్ర చట్టం జూదాన్ని ఎలాగూ ఒప్పుకోదు. చట్టం ఒప్పుకున్నా అక్కడికి వచ్చేది హైదరాబాద్ జీతగాడు, కల్వకుర్తి రైతు. అంటే మన జేబులోది మన జేబులోకే, మధ్యలో ఆడించేవాడి వాటా పోగా. కృష్ణమ్మ, పడవ, నల్లమల కొండలు అక్కడ ముందే ఉన్నాయి. వాటిని చూడ్డానికి వచ్చినవాడు ఇంటికి పోయి పొలం అమ్ముకోడు.

జమ రాసినప్పుడు ఎదురు పేజీలో ఖర్చు కూడా రాయాలని ఈ బడిలోనే నేర్చుకున్నాను. ఎక్కడో ఎవరో బాగుపడ్డారని విన్నప్పుడు, ఆ డబ్బు ఎవరింటి నుంచి వచ్చిందని కూడా అడుగు. ఈ సభ అయిపోయాక నేను ఆ పక్క మండలానికి పోతున్నాను. ఆ పెద్దాయనకు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది.

సెలవు.