చావు కోరిన వీరుడు, చూసి రాయవలసిన కవి



ఆటబొమ్మలు అమ్ముకునే కంపెనీ ఒకటి, ఇంకా పేరు పడని రచయితను పిలిచి, "మా ఆటలో ఉన్న దేశాల మీద, మా బొమ్మల మీద ఒక కథ రాసిపెట్టు" అని అడిగిందనుకోండి. ఆ కథను మీరు కథగా చదువుతారా, లేక సబ్బు ప్రకటన చూసినట్టు చూసి పక్కన పెడతారా? చాలామంది పక్కనే పెడతారు. తొందరపడవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. విలియం కింగ్ అనే స్కాట్లండు రచయిత 1989, 1990 సంవత్సరాల్లో ఇలాంటి కథలు మూడు రాశాడు. వాటి సంగతి మీతో ముచ్చటించాలనుకుంటున్నాను.

ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ ఉంది. 1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు మొదలుపెట్టారు. తరవాత నాటింగ్‌హామ్ దాని ప్రధాన స్థానమైంది. 1983లో ఆ సంస్థ వార్‌హామర్ అనే యుద్ధపు ఆటను బయటికి తెచ్చింది. మన అష్టాచెమ్మాకీ, పరమపద సోపానానికీ ఉన్నట్టు దీనికి గళ్ల పటం ఉండదు. పెద్ద బల్ల ఉంటే చాలు. దాని మీద అట్టతోనో చెక్కతోనో కొండలు, కోటగోడలు అమర్చుకుంటారు. బొటనవేలంత సైనికుల బొమ్మల్ని రెండు పక్షాలుగా నిలబెడతారు. ఎంత దూరం నడిచారో టేపు పెట్టి కొలుస్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఈ బొమ్మలు రంగు లేకుండా వస్తాయి. కొన్నవాడే అతికించుకోవాలి, సన్నని కుంచెతో రంగులు వేసుకోవాలి. దసరా బొమ్మల కొలువుకు ఏటేటా కొత్త బొమ్మ ఒకటి చేర్చుకునే ఇళ్లవాళ్లకు ఆ మోజు ఎలాంటిదో నేను వేరే చెప్పక్కర్లేదు.

అయితే బొమ్మ ఎంత అందంగా ఉన్నా దానికొక ఊరూ పేరూ కావాలి. అందుకని ఆ కంపెనీ ఒక కల్పిత ప్రపంచాన్ని తయారుచేసింది. అందులో పాతకాలపు జర్మన్ రాజ్యాలను పోలిన ఒక సామ్రాజ్యం ఉంది. కొండల కింద నగరాలు తొలుచుకుని బతికే మరుగుజ్జుల జాతి ఉంది. అడవుల్లో మేకతలల మృగమానవులు ఉన్నారు. ఆకాశంలో రెండు చంద్రబింబాలు. ఇదంతా మొదట్లో ఆట నియమాల పుస్తకాల్లో ముక్కలు ముక్కలుగా ఉండేది. 1980ల చివర, దీని మీద కథల పుస్తకాలు వేద్దామని కంపెనీ సంకల్పించింది. ఆ పని డేవిడ్ ప్రింగిల్‌కు అప్పగించింది. ఆయన అప్పటికే ఇంటర్‌జోన్ అనే వైజ్ఞానిక కథల పత్రికకు సంపాదకుడు. మంచి చెడ్డలు తెలిసినవాడు. తన పత్రికలో రాసేవాళ్లనే ఈ పనికీ పిలిచాడు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అప్పటికే పేరున్నవాళ్లు మారుపేరుతో రాశారు. కిమ్ న్యూమన్ జాక్ యోవిల్ అయ్యాడు. ఆ పేరుతో 1989లో వచ్చిన డ్రాకెన్‌ఫెల్స్ నవలను ఇప్పటికీ మెచ్చుకుంటారు. బ్రయాన్ స్టేబుల్‌ఫర్డ్ బ్రయాన్ క్రెయిగ్ అయ్యాడు. ఆటకంపెనీ కథలకూ సొంత పేరుతో రాసే కథలకూ మధ్య ఒక గీత ఉండాలనుకున్నారేమో! అప్పటికి ముప్పయ్యేళ్లకు అటూ ఇటూ ఉన్న విలియం కింగ్ మాత్రం తన పేరుతోనే రాశాడు.

బొమ్మ ముందు పుట్టి కథ తరవాత పుట్టడం కొత్తేమీ కాదు. 1836లో లండన్‌లో చాప్‌మన్ అండ్ హాల్ అనే ప్రచురణకర్తలు ఇరవై నాలుగేళ్ల పత్రికా విలేఖరిని పిలిచారు. రాబర్ట్ సేమర్ అనే చిత్రకారుడు వేటగాళ్ల మీద వేసే హాస్య చిత్రాలకు నాలుగు మాటలు జోడించమన్నారు. ఆ విలేఖరి చార్లెస్ డికెన్స్. ఆ నాలుగు మాటలే పిక్‌విక్ పేపర్స్ అయ్యాయి. ఇంగ్లీషు పాఠం చెప్పే మాబోటి వాళ్లం ఇవాళ దాన్ని గొప్పగా చెబుతాం. కింగ్‌ను డికెన్స్ పక్కన కూర్చోబెట్టడం నా ఉద్దేశం కాదు. అడిగించుకుని రాసింది కాబట్టి అది రచన కాదు అనే మాట నిలవదని చెప్పడమే.

ఇక కథలకు వద్దాం. 1989లో ఇగ్నొరెంట్ ఆర్మీస్ అనే సంకలనంలో కింగ్ కథ వచ్చింది. పేరు గెహైమ్నిస్‌నాఖ్ట్. జర్మన్ మాట, రహస్య రాత్రి అని అర్థం. ఆ ప్రపంచంలో రెండు చంద్రుళ్లూ ఒకేసారి నిండుగా ఉండే రాత్రి అది. దుష్టశక్తులు తిరిగే రాత్రి గనక జనం తలుపులు బిగించుకుని లోపల ఉంటారు. అలాంటి రాత్రి అడవిదారిలో ఇద్దరు నడిచి వెళుతున్నారు. ఒకడు గోట్రెక్ అనే మరుగుజ్జు. పొట్టివాడే గాని ఎద్దులాంటి మనిషి. తలంతా గొరిగించి, నడుమ మిగిల్చిన జుట్టుకు నారింజ రంగు వేసి కోడిజుట్టులా నిక్కబొడుచుకున్నాడు. ఒంటినిండా పచ్చబొట్లు, చేతిలో గండ్రగొడ్డలి. రెండోవాడు ఫీలిక్స్ యేగర్. వర్తకుడి కొడుకు. చదువుకున్నవాడు, కవి. మరుగుజ్జు నోటిదురుసువల్ల బండివాడు వాళ్లను దారిలోనే దింపేశాడు. అంతలో ఒక నల్లబండి మీదికి దూసుకువచ్చి, వాళ్లను తొక్కినంత పని చేసి వెళ్లిపోయింది. గోట్రెక్‌కు కోపం వచ్చింది. దాని అంతు చూడాలంటాడు. ఫీలిక్స్‌కు మాత్రం ఏదైనా సత్రంలో పొయ్యి దగ్గర కూర్చోవాలని ఉంది.

సత్రం దొరుకుతుంది. లోపలివాళ్లు భయపడి తలుపు తీయరు. ఆ ఇంటి పిల్లలు కనబడకుండా పోయారని తెలుస్తుంది. చివరికి ఇద్దరూ కొండ మీద రాళ్ల వలయం దగ్గరికి వెళతారు. అక్కడ ముసుగులు వేసుకున్న మనుషులు ఒక పసిబిడ్డను బలి ఇవ్వబోతుంటారు. కొట్లాట జరుగుతుంది. బిడ్డ బతుకుతుంది. అప్పుడు ముసుగులు తీసి చూస్తే అక్కడ ఉన్నవి రాక్షసుల మొహాలు కావు, ఇరుగుపొరుగు మనుషుల మొహాలు. కథలో నాకు నచ్చిన ఘట్టం ఇదే. ఆట బల్ల మీద శత్రువు ఎప్పుడూ ఎదటి వరసలోనే నిలబడి ఉంటాడు, అతని రంగే వేరు. ఈ కథలో అతను మన ఊళ్లోనే ఉన్నాడు.

ఇంతకీ ఈ ఇద్దరినీ కలిపి నడిపించేది ఏమిటి? ఆట పుస్తకంలో మరుగుజ్జుల ఆచారం ఒకటి రాసి ఉంది. పరువు పోయినవాడు, మాట తప్పినవాడు జుట్టు గొరిగించుకుని, ఇల్లు విడిచి, తనకన్నా బలమైన భూతాలతో పోరాడి చావాలని ఒట్టు పెట్టుకుంటాడు. అలాంటి వాళ్లను స్లేయర్లు అంటారు. ఆటలో అదొక బొమ్మ రకం మాత్రమే, దానికి ఇంత బలం, ఇంత ధైర్యం అని అంకెలు ఉంటాయి. కింగ్ ఆ నియమాన్ని తీసుకుని దాని పక్కన ఒక కవిని నిలబెట్టాడు. ఆ కవి ఒక గలభాలో చిక్కుకుంటే మరుగుజ్జు ప్రాణం కాపాడాడు. ఆ రాత్రి ఇద్దరూ తాగారు. తాగిన మత్తులో ఫీలిక్స్, "నీ వెంట వస్తాను, నీ వీరమరణాన్ని కళ్లారా చూసి కావ్యం రాస్తాను" అని మాట ఇచ్చాడు. తెల్లారాక మత్తు దిగింది గాని మాట పోలేదు.

ఈ ఏర్పాటులో ఉన్న చమత్కారం చూడండి. గోట్రెక్ గెలిచిన ప్రతిసారీ తన ప్రయత్నంలో ఓడిపోయినట్టే. భూతం చచ్చింది, తను బతికాడు, మళ్లీ దారి పట్టాలి. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్లం గనక ఇది మనకు వెంటనే పట్టుబడుతుంది. విక్రమార్కుడు నోరు విప్పగానే శవం చెట్టెక్కుతుంది, కథ మళ్లీ మొదలవుతుంది. విక్రమార్కుడికి తన తెలివే అడ్డు వచ్చింది. గోట్రెక్‌కు తన బాహుబలమే అడ్డు. కథలు ఒకదాని తరవాత ఒకటి రావాలన్నది కంపెనీ అవసరం, వ్యాపారం. ఆ అవసరాన్ని కింగ్ పాత్ర మనసులోని బాధగా మార్చేశాడు.

అసలు చిక్కంతా కవిది. స్నేహితుడు చస్తేగాని అతని కావ్యం పూర్తి కాదు. స్నేహితుడు చచ్చేటప్పుడు పక్కనే ఉండాలి, అయినా తను మాత్రం బతికి బయటపడాలి, లేకపోతే రాసేవాడు ఉండడు. పైకి నవ్వు తెప్పించే ఒప్పందమే గాని లోపల ముల్లు ఉంది.

రెండో కథ వోల్ఫ్ రైడర్స్. అదే పేరుగల సంకలనంలో 1989లోనే వచ్చింది. శాపం తగిలిన ఒక జమీందారీ కుటుంబం తమ మందీ మార్బలంతో కొత్త నేల వెతుక్కుంటూ సరిహద్దు ప్రాంతానికి పోతుంది. మన వీరులిద్దరూ వాళ్లతో కలుస్తారు. ఆ జనంలో కిర్‌స్టెన్ అనే పిల్లను ఫీలిక్స్ ప్రేమిస్తాడు. ఇక ఊరు కట్టుకుని స్థిరపడదామనుకుంటాడు. అంతలో తోడేళ్లనెక్కి తిరిగే గాబ్లిన్లు వచ్చి మీద పడతారు. ఆ పిల్ల చచ్చిపోతుంది. గోట్రెక్‌కు ఒక కన్ను పోతుంది. ఆ కన్ను తరవాతి కథల్లో తిరిగి రాదు. ఆటలో అయితే సాయంత్రం చచ్చిన బొమ్మను మర్నాడు పెట్టెలోంచి తీసి మళ్లీ నిలబెట్టవచ్చు. కథలో పోయిన కన్ను పోయిందే, పోయిన పిల్ల పోయిందే. ఆటనుంచి పుట్టిన కథ ఆటను దాటి పోయింది ఇక్కడేనని నా అభిప్రాయం.

మూడోది 1990లో రెడ్ థర్స్ట్ అనే సంకలనంలో వచ్చింది. మరుగుజ్జులు పోగొట్టుకున్న పాత నగరంలోకి, కొండ కడుపులోకి దిగే కథ. పూర్వుల ఊరు ఎంత గొప్పదో పెద్దలు చెప్పగా విని, ఎన్నడో ఒకసారి వెళ్లి అక్కడి మొండిగోడలు చూసినవాళ్లు మన శ్రోతల్లో ఉంటారు. వాళ్లకు ఈ కథ మరికాస్త లోతుగా తగులుతుంది.

లోపాలు లేవని అనను. కొట్లాటలు సాగదీసి రాశాడు. ఆడవాళ్ల పాత్రలు తక్కువ, ఉన్నవీ తొందరగా చచ్చిపోతాయి. ఒక జాతికి జాతే దుర్మార్గులన్న ఆట నియమాన్ని ఎదిరించలేదు. ఎదిరిస్తే బొమ్మలు అమ్ముడుపోవు కదా! వచనం మాత్రం బిగువుగా ఉంటుంది, అనవసరమైన విశేషణం కనబడదు.

ఈ మూడింటికీ మరి నాలుగు చేర్చి, మొత్తం ఏడు కథలతో 1999లో ట్రోల్‌స్లేయర్ అనే పుస్తకం వేశారు. కథకూ కథకూ నడుమ ఫీలిక్స్ రాసుకున్నట్టున్న కల్పిత గ్రంథంలోనించి నాలుగేసి వాక్యాలు పెట్టారు. ఆ తరవాత కింగ్ ఈ జంట మీద నవలలు రాశాడు. 2003లో వచ్చిన జయంట్‌స్లేయర్‌తో ఆ వరసలో ఆయన పని ముగిసింది.

వరస మాత్రం ముగియలేదు. గోట్రెక్, ఫీలిక్స్ ఇద్దరూ కంపెనీ సొత్తు. దాసరి సుబ్రహ్మణ్యం గారు తోకచుక్క మొదలుకొని చందమామకు పన్నెండు సీరియళ్లు రాస్తే, పత్రికలో ఆయన పేరు వేయలేదు. కింగ్‌కు ఆ ఇబ్బంది లేదు, అట్ట మీద పేరు ఉంది. పాత్రల మీద మాత్రం హక్కు లేదు. 2006నుంచి నేథన్ లాంగ్ అనే మరో రచయిత ఆ నవలలు కొనసాగించాడు. కింగ్ ఒక చిన్న కథలో సృష్టించిన కాట్ అనే అనాథ పిల్ల, లాంగ్ రాసిన నవలలో పెద్దదై విల్లు పట్టుకుని వచ్చింది. పాత పాఠకులు సంతోషించారు. పెంచినవాడు కూడా ప్రేమగానే పెంచాడు.

కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఫీలిక్స్ ఏమని మాట ఇచ్చాడు? గోట్రెక్ మరణాన్ని తనే రాస్తానన్నాడు. ఫీలిక్స్‌ను పుట్టించిన కింగ్‌కు ఆ మరణం రాసే అవకాశం రాలేదు. వార్‌హామర్ పాత ప్రపంచాన్ని అంతం చేయాలని కంపెనీ నిర్ణయించింది. అప్పుడు, 2015లో వచ్చిన స్లేయర్ అనే నవలలో, ఆ జంట కథకు ముగింపు రాసినవాడు డేవిడ్ గైమర్. అదైనా నిలిచిందా అంటే, లేదు. కొత్త ప్రపంచంతో కొత్త ఆట అమ్మకానికి వచ్చింది. 2018లో గోట్రెక్ అందులోకి తిరిగివచ్చాడు. ఈసారి పక్కన ఫీలిక్స్ లేడు.

ఆ రాక పుస్తకంలో కాదు, శ్రవ్యనాటకంలో. రెల్మ్‌స్లేయర్ అని దాని పేరు. రాసినవాడు గైమరే. గోట్రెక్ పాత్రకు గొంతు ఇచ్చినవాడు ఇంగ్లీషు రంగస్థలం మీద మేఘగర్జనలాంటి కంఠానికి పేరుపడ్డ బ్రయాన్ బ్లెస్డ్. రేడియో నాటకం రుచి తెలిసిన మీరు, ఇంగ్లీషు అర్థం చేసుకోగలిగితే, ముందు ట్రోల్‌స్లేయర్‌లో మొదటి కథ చదవండి. తరవాత ఈ నాటకం వినండి. కవి పక్కన లేని గోట్రెక్ ఎవరితో మాట్లాడుతున్నాడో, ఎవరి పేరు తలుచుకుంటున్నాడో గమనించండి.