ఘాట్ ఎక్కని పాత డీజిల్ బండి: లోపం ఎక్కడ వెతకాలి?

(అరకులోయ, అనంతగిరి ప్రాంతాల పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో నన్ను లెక్కల పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. లెక్కలకే వస్తున్నాను, కాని జీపు బానెట్ మీదుగా వస్తున్నాను. కొండ ప్రాంతపు సంఘాల వోచర్లు తిరగేస్తే ఒక పద్దు పదే పదే కనబడుతుంది. 'డీజిల్ పంపు ఓవర్‌హాలింగు.' దాని కింద 'నాజిళ్లు నాలుగు.' ఆరు నెలలు తిరగక ముందే మళ్లీ 'డీజిల్ పంపు పని.' సహకార శాఖలో చేరక ముందు నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. అందువల్ల ఆ వోచరు మీద కూడిక సరిపోయిందా అని మాత్రమే చూసి సంతకం పెట్టడానికి చెయ్యి రాదు. ఆ పంపు నిజంగా చెడిందా అని అడగాలనిపిస్తుంది.

మన ప్రాంతంలో ఇంకా తిరుగుతున్న బండ్లు మీకు తెలిసినవే. మహీంద్రా కమాండర్ జీపులు, ఎం.ఎం. 540లు, అక్కడక్కడ డీజిల్ అంబాసిడర్లు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా పాత బండి అనగానే పనికిరాని బండి అనుకోనక్కరలేదు. ఈ ఇంజన్లలో కంప్యూటరు లేదు. స్పానరు, పాత గుడ్డ, ఒక గాజు సీసా ఉంటే లోపం చాలావరకు మనమే పట్టుకోవచ్చు. ఆలస్యమైతే ఏమవుతుందో పాలవారికి నేను చెప్పాలా? పితికిన పాలు మూడు నాలుగు గంటల్లో చల్లబరిచే కేంద్రానికి చేరాలి. డముకు మలుపులో బండి రెండు గంటలు ఆగితే క్యాన్లలోని పాలు మరిగిస్తే విరిగిపోతాయి. అక్కడ పోయేది డ్రైవరు జీతం కాదు, ఆ పూట పాలు పోసిన ప్రతి ఇంటి డబ్బు.

ముందుగా డీజిల్ నడిచే దారి చూద్దాం. ట్యాంకులో నుంచి పైపు ద్వారా ఫీడ్ పంపు డీజిల్‌ను లాగుతుంది. అక్కడి నుంచి ఫిల్టరు. ఫిల్టరు దాటాక మనం 'డీజిల్ పంపు' అనే ఇంజెక్షన్ పంపు. అది డీజిల్‌ను గట్టిగా ఒత్తి, సన్నని ఇనుప గొట్టాల ద్వారా ఒక్కొక్క సిలిండరు నాజిల్‌కు పంపుతుంది. మిగిలినది వెనుక పైపు ద్వారా ట్యాంకుకు పోతుంది. ఈ దారిలో ట్యాంకు నుంచి ఫిల్టరు వరకు ఉన్నది తక్కువ ఒత్తిడి భాగం. సామాన్లు చవక, పని తేలిక, లోపాలు ఎక్కువగా వచ్చేది కూడా అక్కడే. పంపు, నాజిళ్లు ఎక్కువ ఒత్తిడి భాగం; అక్కడ చెయ్యి పెడితే వేలల్లో ఖర్చు. కాబట్టి వెతకడం ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టాలి. చాలాచోట్ల పంపు దగ్గర మొదలుపెడుతున్నారు.

ఒక సంఘం బండి సంగతి చెబుతాను, పేరు అనవసరం. శృంగవరపుకోటలో బాగానే బయలుదేరేది. టైడా దాటాక పికప్ తగ్గేది, అనంతగిరికి రాకముందే ఆగిపోయేది. పది నిమిషాలు ఆపితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. వేడికి పంపు పట్టేస్తున్నదని మెకానిక్ చెప్పాడు, పంపు విప్పడానికి తీర్మానం కూడా రాశారు. బండి ఆగిన చోటనే ట్యాంకు మూత తిప్పి చూడమని డ్రైవరుకు చెప్పాను. తిప్పగానే గాలి 'బుస్'మని లోపలికి పోయింది. మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉన్నది. డీజిల్ బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా? రాకపోతే లోపల శూన్యం ఏర్పడి ఫీడ్ పంపు లాగలేకపోతుంది. ఆగిన కాసేపటికి గాలి నెమ్మదిగా దూరేది, బండి కదిలేది. ఒక గుండుసూదితో తీరిన పని అది. 'కాసేపు ఆగితే మళ్లీ నడుస్తుంది' అన్న మాట వినగానే మూత, ట్యాంకులోని జాలి, ఫిల్టరు, ఈ మూడూ చూడండి.

ఇక స్టార్టు కాని బండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఒక మనిషి వెనుక నిలబడి సైలెన్సరు చూడాలి. పొగ అసలు రాలేదంటే డీజిల్ సిలిండరుకు చేరడం లేదు. తెల్లని పొగ వస్తూ అంటుకోకపోతే డీజిల్ చేరుతున్నది, మండడం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్గులు, బ్యాటరీ, కంప్రెషన్ చూడాలి. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది. పొగ లేనప్పుడు మొట్టమొదట, ఇంజన్ ఆపే నాబ్ పూర్తిగా లోపలికి పోయిందో లేదో చూడండి. తాళంతో ఆగే బండి అయితే పంపు మీది సోలినాయిడ్ వైరు ఊడిందేమో చూడండి. ఇవి చెబితే నవ్వుతారు, కాని ఊడిన వైరుకు పంపు విప్పినవారున్నారు. సెల్ఫ్ ఒక్కసారికి పదిహేను సెకండ్లకు మించి కొట్టవద్దు.

తరువాత గాలి. డీజిల్ బండికి గాలి పట్టడమంటే చేతి బోరింగుకు గాలి పట్టడం వంటిదే. దండె ఆడుతుంది, నీరు రాదు. ఫీడ్ పంపు లాగే వైపు పైపులో వెంట్రుకంత బీట ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే 'ఎక్కడా కారడం లేదు సార్' అన్న మాటను నేను నమ్మను. బీట వారిన రబ్బరు గొట్టం, వదులైన క్లిప్పు, ఒకసారి వాడి మళ్లీ బిగించిన రాగి వాషరు, ఇవే ఎక్కువగా కారణం. రాత్రంతా ఆగిన బండి ఉదయం చాలాసేపు సెల్ఫ్ కొడితే గాని అంటుకోక, తరువాత రోజంతా బాగా నడిస్తే, రాత్రి పైపులో డీజిల్ వెనక్కి జారుతున్నదేమో అనుమానించాలి. హీటర్ ప్లగ్గులు పోయినా ఉదయం ఇదే బాధ. తేడా ఇందాక చెప్పిన పొగలోనే ఉన్నది.

గాలి తీసే పద్ధతి: ఫిల్టరు తల మీది బ్లీడింగ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు చేతి లీవరు కొట్టాలి. ముందు నురగ, తరువాత బుడగలు, చివరికి స్వచ్ఛమైన డీజిల్ వస్తుంది. అది వస్తుండగానే స్క్రూ బిగించాలి. తరువాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గర అదే పని. లీవరు కొడుతుంటే చేతికి పట్టు తెలియకపోతే పంపు చెడిందని అనుకోవద్దు; ఇంజన్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ కొట్టండి. లోపలి క్యామ్ ఎత్తులో ఆగినప్పుడు అట్లా జరుగుతుంది. ఎంతసేపు కొట్టినా బుడగలు ఆగకపోతే గాలి వెనుక నుంచి వస్తున్నదన్నమాట. అప్పుడు డబ్బా పరీక్ష చేయండి. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ఫీడ్ పంపు గొట్టాన్ని ట్యాంకు పైపు నుంచి విప్పి ఆ డబ్బాలో ముంచి, బండి నిలిపి ఉంచే ఇంజన్ నడపండి. బాగా నడిచిందా, లోపం ట్యాంకులోనో పైపులోనో ఉన్నది. మధ్యలో పారదర్శకమైన గొట్టం ముక్క ఒకటి పెడితే బుడగలు కంటికే కనబడతాయి. డబ్బా మాత్రం వేడి సైలెన్సరుకు దూరంగా ఉండాలి.

గాలి తరువాత నీరు. ఇది మన కొండల ప్రత్యేక బాధ. పగలు వేడి, రాత్రి మంచు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడల మీద చెమ్మ పట్టి కిందికి దిగుతుంది. దూరపు గూడేలలో డబ్బాల్లో డీజిల్ నిలవ ఉంచుకుంటారు, వర్షాకాలంలో ఆ డబ్బా మూత ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు. ఫిల్టరు అడుగున ఉన్న ప్లగ్గు తీసి ఒక గాజు సీసాలోకి కొంచెం వదలండి. అరగంట కదపకుండా ఉంచండి. పాలలో వెన్న పైకి తేలుతుంది. ఇక్కడ నీరు అడుగుకు దిగుతుంది. గీత గీసినట్టు కనబడుతుంది. నీరు ఉన్న ఫిల్టరు మార్చకుండా నడిపితే పంపులో తుప్పు పడుతుంది, అప్పుడు మెకానిక్ చెప్పిన ఓవర్‌హాలింగు నిజంగానే చేయవలసి వస్తుంది. సాయంత్రం బండి షెడ్డులో పెట్టేముందు ట్యాంకు నింపి పెట్టండి, చెమ్మ పట్టడానికి చోటు ఉండదు. మరొక లాభమూ ఉన్నది. ట్యాంకులో అడుగున మాత్రమే డీజిల్ ఉన్నప్పుడు నిట్టనిలువు ఎక్కుడులో డీజిల్ ఒక పక్కకు పోయి, పైపు మూతి గాలి మింగుతుంది. గాలికొండ ఎక్కేటప్పుడు ఆగి, చదును నేల మీద నడిచే బండ్లలో కొన్నింటికి రోగం ఇదే.

చలికాలం గురించి ఒక మాట. డీజిల్‌లో మైనం వంటి పదార్థం ఉంటుంది, చలికి అది గడ్డకట్టి ఫిల్టరును మూసివేస్తుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం చలికాలపు డీజిల్ 6 డిగ్రీల వరకు ఫిల్టరు దాటాలి. వేసవి డీజిల్‌కు ఆ హద్దు 18 డిగ్రీలే. అరకు, మినుములూరు, చింతపల్లి వైపు 5 డిగ్రీల కిందికి దిగిన తెల్లవారుజాములు ఉన్నాయి. వేసవిలో కొని డబ్బాలో దాచిన డీజిల్‌ను పుష్యమాసంలో పోస్తే ఏమవుతుందో ఊహించండి. ఎండ పొడవుగా వచ్చాక బండి దానంతట అదే బాగుపడుతుంది. కిరోసిన్ కలపవద్దు. డీజిలే పంపుకు నూనె, కిరోసిన్ కలిపితే ఆ జిగురు తగ్గి లోపలి భాగాలు అరుగుతాయి. వేడినీటి గుడ్డ ఫిల్టరు చుట్టూ కట్టండి, మంట మాత్రం చూపవద్దు.

1 ఏప్రిల్ 2020 నుంచి దేశమంతటా బి.ఎస్. 6 డీజిల్ వస్తున్నది. గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించదు. అంతకు ముందరి బి.ఎస్. 4లో అది 50. గాలికి మంచిదే. కాని పాత పంపుల రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి పాత డీజిల్‌కు ఉబ్బి ఉంటాయి, ఇంధనం మారితే కొన్ని కుంచించుకొని చెమ్మ కారవచ్చు. అటువంటప్పుడు సీళ్లు మారిస్తే చాలు, పంపంతా మార్చనక్కరలేదు. బంకులో డీజిల్ మీద అనుమానం ఉంటే సాంద్రత పరీక్ష అడగండి. అడిగే హక్కు కొనేవారికి ఉన్నది. హైడ్రోమీటరు అంటే మన లాక్టోమీటరు అన్నగారే. 15 డిగ్రీలకు సరిచేసిన అంకె రిజిస్టరులో ఉన్న దానికి ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు. మన సంఘంలో పాలు పోసేవారిని అనుమానించడానికి లేని మొహమాటం అక్కడ ఎందుకు?

పొగ రంగులు చాలామందికి తెలుసు, కాని నల్లపొగ చూడగానే నాజిళ్లు మార్చే అలవాటు ఒకటి ఉన్నది. డీజిల్‌కు తగినంత గాలి లేకపోతే నల్లపొగ. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి సుమారు పదో వంతు పలుచన. విశాఖలో సరిచేసిన పాత పంపు అనంతగిరి పైన కొంత నల్లగా ఊదడం సహజమే. ముందు ఎయిర్ ఫిల్టరు దులపండి, ఎక్కించిన బరువు చూడండి. నీలిపొగ ఇంజన్ ఆయిలు మండడం. దానితో డీజిల్ దారికి సంబంధం లేదు.

ఒక సిలిండరు మిస్సింగ్ ఉంటే, ఇంజన్ ఐడిల్‌లో నడుస్తుండగా నాజిల్ గొట్టం నట్టు ఒక్కొక్కటి కొద్దిగా వదులు చేసి మళ్లీ బిగించాలి. మంచి సిలిండరు దగ్గర ఇంజన్ శబ్దం తడబడుతుంది. తడబాటు రానిదే లోపమున్న సిలిండరు. అప్పుడు ఆ ఒక్క నాజిల్‌నే విప్పించి పరీక్ష చేయించండి. నాలుగూ మార్చమంటే ఎందుకని అడగండి. ఈ పని గుడ్డ కప్పి, కంటికి అద్దాలు పెట్టుకొని చేయాలి. చిమ్మే డీజిల్ దగ్గర వేలు పెట్టవద్దు. ఆ ఒత్తిడికి అది చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూదిపోటంతే కనబడుతుంది, లోపల కండ చచ్చిపోతుంది. అట్లా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మరొక హెచ్చరిక: ఇదంతా పాత పంపు బండ్లకు మాత్రమే. సి.ఆర్.డి.ఐ. ఇంజన్ ఉన్న బొలెరోల వంటి కొత్త బండ్లలో ఒత్తిడి వెయ్యి అట్మాస్ఫియర్లు దాటుతుంది. వాటి నట్లు ముట్టవద్దు.

ఇవన్నీ చూశాక కూడా లోపం మిగిలితే అప్పుడు ఇంజెక్షన్ పంపు. దాన్ని చెట్టు కింద విప్పనివ్వకండి; టెస్ట్ బెంచి ఉన్న వర్క్‌షాపుకు పంపాలి. బిల్లుతోపాటు బెంచి మీద తీసిన అంకెల కాగితం, మార్చిన పాత సామాను రెండూ తెచ్చి సంఘంలో చూపాలి. ఆడిట్‌కు నేను వచ్చినప్పుడు అవే అడుగుతాను. లాగ్ పుస్తకంలో బండి ఆగిన చోటు, ఎక్కుడా చదునా, ట్యాంకులో ఎంత ఉన్నది, పొగ రంగు, ఈ నాలుగూ డ్రైవరు చేత రాయించండి. అన్నట్టు, డీజిల్ డబ్బాను పాల క్యాన్ల పక్కన ఎక్కించవద్దు. పాలు వాసన ఇట్టే పీల్చుకుంటాయి. గొట్టం విప్పిన చేతులు సబ్బుతో కడిగాకే క్యాను మూత ముట్టుకోవాలి.

భోజనాల తరువాత షెడ్డు ముందున్న కమాండర్ జీపు దగ్గరికి రండి. ఫిల్టరు విప్పి, గాలి తీసి, మళ్లీ స్టార్టు చేసే వరకు మీ చేతనే చేయిస్తాను. డ్రైవర్లు మాత్రమే కాదు, కార్యదర్శులు కూడా రావాలి. ఒక గాజు సీసా, పాత గుడ్డలు ఎవరైనా తెచ్చిపెట్టండి.